గంజి పెట్టిన పోగు

మొన్న హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా మనవరాలు ప్రసవించిన మరునాడు, పసివాడికి గుడ్డ మార్చడానికి నర్సు పొత్తి విప్పినప్పుడు, వాడి బొడ్డు మీద చిన్న తెల్లని ప్లాస్టిక్ పట్టుకారు కనిపించింది. పళ్ళున్న రెండు రెక్కలు ఒకదానిలో ఒకటి కూర్చుని, ఒకసారి నొక్కితే మళ్ళీ విడిపోకుండా, బొడ్డు ఎండి సన్నబడుతున్నా పట్టు సడలకుండా తయారుచేసిన ఆ వస్తువును నేను కావలసినదానికంటే ఎక్కువసేపు చూశాననుకుంటాను. మనవరాలు కంగారుపడి ఏమైనా తేడాగా ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఉద్యోగకాలమంతా ఆసుపత్రి పరీక్షశాలలో సూక్ష్మజీవులను పెంచి, రంగు వేసి, గుర్తుపట్టి, పేరు రాసే పనిలో గడిపినదాన్ని కనుక, ఏ వస్తువు ఏ ప్రమాదాన్ని ఆపడానికి పుట్టిందో తెలియకుండా దానిని చూడలేను. ఆ ప్రమాదం మా ఇంట్లో ఎలా జరిగిందో ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. నా ఈడువారికి, అందులోనూ పురిటి పిల్లలు దక్కని ఇళ్ళలో పెరిగినవారికి, ఇందులో కొత్త ఏమీ ఉండకపోవచ్చు.

మా ఇల్లు హనుమకొండ పక్కనే, కాశిబుగ్గ నేతవాడలో. నేను చెబుతున్నది నలభైలలో, యుద్ధం వల్ల నూలు దొరకడమే గగనమైన రోజులలో. ముందరి వసారాలో నాయన గుంటమగ్గం ఉండేది. కండెలు చుట్టేది అమ్మ, తెగిన పోగులు అతికేది నాయనమ్మ, గంజి కాచి పడుగుకు, అంటే నిలువు పోగులకు, పట్టేది అమ్మ; మగ్గం గుంటలో దిగి కూర్చునే హక్కు మాత్రం ఆడవారికి లేదు కనుక, చీర బజారుకు పోయాక అది నాయన నేసిన చీరే అయ్యేది. ఇందులో అన్యాయం ఉన్నదని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు.

గంజి పట్టడం ఎరుగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. గంజి లేని నూలుపోగు మగ్గం మీది రాపిడికి నూగు లేచి తెగిపోతుంది. అందుకని ముందునాడు కాచి పులియబెట్టిన గంజిని, వీధి పొడవునా కర్రల మీద సాచిన పడుగుకు తెల్లవారుజామున కుంచెతో పట్టించి, ఎండ ముదరకముందే ఆరబెట్టేవారు. అదే వీధిలో ఎడ్లబండ్లు నడిచేవి, బర్రెలు పోయేవి, పేడ పడేది, గాలి వీస్తే దుమ్ము లేచి తడి పడుగు మీద వాలేది. సరిగ్గా గంజి పట్టిన పోగు వేళ్ళ మధ్య సన్నని తీగలా నిలబడుతుంది. పట్టని పోగు తడిసిన వెంట్రుకలా వాలిపోతుంది. వాడలో అమ్మ చేతి గంజికి పేరుండేది.

మా ఇంట్లో ఒక ఆచారం. పుట్టిన బిడ్డ బొడ్డును తండ్రి మగ్గం మీది పడుగులోని పోగుతోనే కట్టాలి. వాడలోని అన్ని ఇళ్ళలోనూ ఇదే పద్ధతి ఉన్నదో లేదో చెప్పలేను. మా ఇంట్లో ఉండేది. బిడ్డకు లోకంలో మొదటి ముడి మగ్గంతో పడాలని నాయనమ్మ అనేది. నా బొడ్డూ ఆ పోగుతోనే కట్టారు, నేను బతికాను. నా తరువాత పుట్టిన ఇద్దరు తమ్ముళ్ళూ వారం దాటలేదు. ఇద్దరూ పుట్టినప్పుడు బలంగానే ఏడ్చారు, పాలు తాగారు. తరువాత ఒకనాడు రొమ్ము పట్టడం మానేశారు, ఆ పైన దవడలు బిగుసుకున్నాయి, ముట్టుకుంటే చాలు ఒళ్ళంతా విల్లులా వంగింది. వాడలో దీనిని బాలగ్రహమన్నారు, పురిటిగాలి అన్నారు. రెండవవాడు పోయాక మాత్రం మాట మారి, పాలల్లో దోషమన్నారు.

ఆ దోషాన్ని రుజువు చేయడానికి వాడలోని ఒక పెద్దావిడ వచ్చింది. అమ్మ పాలు గవ్వలో పిండించి, అందులో ఒక చీమను వేసింది. చీమ కొంతసేపు కాళ్ళు కొట్టుకుని చచ్చిపోయింది. పాలు విషమని తీర్పు అయింది. ఆవుపాలలో మరొక చీమను వేసి చూడాలన్న ఆలోచన అక్కడ చేరిన ఆడవారిలో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు, అప్పటికి నేను పసిదాన్ని. అమ్మ ఆ గవ్వను తానే తీసుకుపోయి కడిగి, కండెల ముందు కూర్చుంది. అప్పటినుంచి వాడలో ఏ బాలింతరాలి ఇంటికి పోవలసివచ్చినా గడప బయటే నిలబడేది. నాయనకు మారు మనువు చేయాలని బంధువుల్లో ఒక పెద్దాయన మాట తెచ్చినప్పుడు, మగ్గం మీదినుంచి తల ఎత్తకుండానే నాయన, "పోగు తెగితే అతుకుతరు గని మగ్గం మారుస్తరా మామా?" అన్నాడు. అమ్మ పట్ల ప్రేమ అనదగినది నాయన నోట నేను విన్నది ఆ ఒక్క వాక్యమే.

మూడవ కాన్పుకు డోర్నకల్ నుంచి మేనమామ తన భార్యను పంపాడు. మామ రైల్వేలో పనిచేసేవాడు. అత్తమ్మ అక్కడి రైలు దవాఖానలో మంత్రసానికి సాయం చేస్తూ కాన్పులు చూడడం నేర్చుకున్నది. అమ్మను దవాఖానకు తీసుకుపోతానంటే నాయనమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి ఒక రాజీ కుదిరింది: కాన్పు ఇంట్లోనే, అత్తమ్మ చేతుల మీదుగా, ఆమె చెప్పినట్టే, పోగు మాత్రం నాయన మగ్గం మీదిదే. అత్తమ్మ ఆ పోగునూ, బొడ్డు కోసే కత్తినీ ఇత్తడి గిన్నెలో వేసి పొయ్యి మీద చాలాసేపు మరిగించింది. నాయనమ్మ పక్కనే కూర్చుని ఎకసెక్కాలాడడం నాకు బాగా జ్ఞాపకం.

"ఏంది బిడ్డా, మీ రైలు దవాఖానల పోగులు గూడ వండుకుంటరా?"

"వండుతం పెద్దమ్మా, ఉప్పు కారమే వెయ్యం. జర మూత పెట్టు."

తమ్ముడు పుట్టాడు. అత్తమ్మ ఉడికించిన పోగుతో బొడ్డు కట్టి, శుభ్రమైన గుడ్డ చుట్టి, బూడిద గాని, పసుపు గాని, మరేదైనా గాని పెట్టవద్దనీ, కట్టిన ముడి తీయవద్దనీ అందరి ముందూ చెప్పింది. పాల మాట ఎవరో ఎత్తబోతే, తల్లి పాలే తాగించాలని గట్టిగా చెప్పి తాగించింది. అమ్మ వాడిని ఒడిలో పెట్టుకుని, వాడు ప్రతి గుటకా మింగే దాకా వాడి గొంతునే చూస్తూ కూర్చునేది. బిడ్డ బతకాలన్నది అందరి కోరికే. అమ్మకు మాత్రం వాడు మింగే ప్రతి గుటకా పాలు విషమన్న ఆ తీర్పు మీద చేసుకుంటున్న అప్పీలు. దవాఖాన పని ఉన్నందున అత్తమ్మ, పురుడు కడిగే నాటికి వస్తానని రైలెక్కి వెళ్ళిపోయింది.

నాయనమ్మ మాట తప్పలేదు. బూడిద పెట్టలేదు, పసుపు పెట్టలేదు. కాని బొడ్డు ఎండుతూ సన్నబడుతుంది, అది దాని స్వభావం. దానితో ముడి వదులైనట్లు కనిపించింది. నాయనమ్మ వేలితో ముట్టి చూసింది. మెత్తగా, జీవం లేనట్లుగా ఉన్నదా పోగు. మరిగించడంతో గంజి అంతా పోయింది. గంజి పోయిన పోగు బిగువు నిలపదన్నది పుట్టినప్పటినుంచీ నూలు మధ్య బతికిన మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. ముడి ఊడితే బిడ్డ నెత్తురు పోతుందని ఆమె భయం. మగ్గం మీద అమ్మ తన చేతులతో గంజి పట్టిన పడుగు ఉన్నది. నాయన పోగు తెంపి ఇచ్చాడు, అమ్మ బిడ్డ కాళ్ళు కదలకుండా పట్టుకున్నది, నాయనమ్మ బిగించి కట్టింది. ముగ్గురి ముఖాల్లోనూ నాకు కనిపించింది శ్రద్ధ తప్ప మరేమీ కాదు. ఆ పని నేత ఎరిగిన ఇల్లు మాత్రమే చేయగలదు. నేత తెలియనివారైతే మెత్తని పోగును చూసి ఊరుకునేవారు.

తరువాత ఒక ఉదయం అమ్మ నన్ను పిలిచి, తమ్ముడు నవ్వుతున్నాడు చూడమన్నది. పెదవుల కొసలు వెనక్కి లాగినట్లు ఉన్నాయి. నేనూ నవ్వే అనుకున్నాను. రొమ్ము అందించినప్పుడు గాని అమ్మకు తెలియలేదు. ఆ పైన జరిగినదాన్ని వర్ణించే శక్తి నాకు లేదు, అవసరం కూడా లేదు. ఇంతకుముందు రెండుసార్లు జరిగినదే. పురుడు కడిగే రోజుకు పండ్లూ, కొత్త గుడ్డలూ పట్టుకుని అత్తమ్మ వచ్చేసరికి, తమ్ముడు వసారాలో చాప మీద ఉన్నాడు. ఆమె ఏడవకముందు గుడ్డ తొలగించి బొడ్డు చూసింది.

"ఈ రెండో పోగు ఏడిది పెద్దమ్మా?"

"మగ్గం మీదిదే. నువ్వు కట్టింది మెత్తబడ్డది బిడ్డా. గంజి పోయిన పోగు నిలుస్తదా?"

"ముడి తియ్యద్దంటిని గద!"

"తియ్యలే. నీ ముడి ముట్టనే లేదు. దాని మీదికెళ్ళి ఇంకోటి కట్టిన."

అత్తమ్మ గుడ్డ మళ్ళీ కప్పింది. అప్పుడు, అంతదాకా గోడకు ఆనుకుని ఉన్న అమ్మ, పోగును ఎందుకు మరిగించాలో అడిగింది. గంజి పోవడానికా, మరి దేనికని అడిగింది. "నాకు చెప్పినోళ్ళు లేరు తల్లీ. డాక్టరమ్మ మసలబెట్టుమంటది, మసలబెడత," అన్నది అత్తమ్మ. పోగు మీద ఆమెకు అనుమానం కలిగిందని నాకిప్పుడు తెలుసు, కాని కారణం తెలియని అనుమానానికి వాడలో విలువ లేదు. చీమ చచ్చిపోవడం అందరూ కళ్ళారా చూశారు. పోగులో ఏమున్నదో చూసినవారు లేరు. సాయంత్రానికల్లా పాలదే పాపమని మళ్ళీ తేలిపోయింది. ఎందుకో చెప్పకుండా నేర్పిన పద్ధతి ఇంటి గడప దాటగానే ఎట్లా విరిగిపోతుందో తరువాత నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను, కొత్తగా చేరిన పిల్లలకు ప్రతి పనికీ కారణం చెప్పనిదే చేయి పెట్టనిచ్చేదాన్ని కాదు.

అత్తమ్మ తిరుగు ప్రయాణమప్పుడు అమ్మ నా బట్టలు మూట కట్టింది. డోర్నకల్‌లో ఆడపిల్లల బడి ఉన్నది, అందులో వేయమన్నది. నాయనమ్మ అడ్డుపడి, ఆడపిల్ల చదివి ఏం చేస్తుంది, దవాఖానలో ఒకరి రోతలు ఎత్తుతుందా అని కోప్పడింది. అమ్మ అత్తగారికి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు.

"ఎత్తనీ అత్తా. మనం ఎత్తి పూడ్చిపెట్టినయి చాలవా?"

నాయన మగ్గం ఆపి, స్టేషనుదాకా నా మూట మోశాడు. గడప దగ్గర అమ్మ నాతో అన్నది ఒకటే, ఎందుకో తెలుసుకుని రమ్మని.

తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. పరీక్షశాలలో శిక్షణ పొందుతున్న రోజుల్లో ఒకనాడు సూక్ష్మదర్శిని కింద సన్నని పుల్లల్లాంటి జీవులు కనిపించాయి. ఒక్కొక్కదాని కొసన గుండ్రని బీజం, డప్పు వాయించే పుల్ల తలలా. ఇవి పశువుల పేడలో, వీధి మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతాయనీ, గాలి సోకని గాయంలోనో, చచ్చుబడిన బొడ్డులోనో మేలుకుని ధనుర్వాతం తెచ్చే విషం పుట్టిస్తాయనీ ఉపాధ్యాయుడు చెబుతుండగా, నాకు మా వీధిలో సాచిన తడి పడుగూ, దాని మీద వాలుతున్న దుమ్మూ కనిపించాయి. కొంతసేపు మరిగిస్తే కూడా ఆ బీజాలు కొన్ని చావవనీ, ఒత్తిడి గల ఆవిరి కావాలనీ ఆ రోజే తెలిసింది.

సెలవులకు ఇంటికి వచ్చాను. నాయనమ్మ అంతకుముందే కాలం చేసింది. ఈ మాట ఆమె వినవలసి రాలేదన్నందుకు నేటికీ నాకు ఊరటే. అమ్మ కండెలు చుడుతోంది. నేను నేర్చుకున్నదంతా ఆమెకు అర్థమయ్యే మాటల్లో, ఏదీ దాచకుండా చెప్పాను. ఆ పోగును ఎవరూ పరీక్షించలేదు కనుక ఇది రుజువు కాదనీ, కాని పోగే కారణమని బలంగా అనుకోవచ్చుననీ కూడా చెప్పాను. రాట్నం ఆగలేదు. గంజి తానే పట్టానని అన్నది. అవునన్నాను. కండె నిండింది, తీసి బుట్టలో వేసి, కొత్త కండె ఎక్కించబోయి ఆగింది.

"అయితే పాలల్ల ఏం లేదన్నట్టు."

"ఏం లేదమ్మా. పాలు మంచియే."

తన చేతి గంజే ముగ్గురు కొడుకులనూ పొట్టనపెట్టుకుని ఉండవచ్చునన్న మాటకు చలించని అమ్మ, ఈ మాటకు కొంగు ముఖానికి కప్పుకుని, రొమ్ము మీద రెండు చేతులూ గట్టిగా అదుముకుని, నేను ఎన్నడూ వినని గొంతుతో ఏడ్చింది. ఓదార్చడానికి నాకు చదువులో ఏదీ నేర్పలేదు. పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు కడుపుతో ఉన్న ప్రతి తల్లికీ ధనుర్వాతం రాకుండా సూది వేస్తారు. ఆ జబ్బును పుస్తకంలో తప్ప చూడని వైద్యులు తయారయ్యారు, అంతకంటే కోరదగినది లేదు. కాశిబుగ్గలో పడుగులు సాచే వీధి అంతా దుకాణాలైంది. గుంటలో దిగే హక్కు లేనివారి మనవరాళ్ళు తెల్లకోట్లు వేసుకుని ఆసుపత్రులు నడుపుతున్నారు. బాలింత ముఖం మీద భయం లేకపోవడం వారికి ఎంత మామూలైపోయిందంటే, ఆ భయం ఒకప్పుడు ఉండేదని చెబితే మర్యాదకు విని ఊరుకుంటారు. మరిచిపోయేంతగా ఒక కష్టం తొలగిపోవడమే మేమంతా పనిచేసినదానికి ఫలమని నా బుద్ధికి తెలుసు. అయినా, పురుడు కడిగి పేరు పెట్టేంత కాలం కూడా మిగలని ఆ ముగ్గురినీ పిలుచుకోవడానికి నాకొక్క మాటైనా లేదు. పెద్దవాడు, నడిపివాడు, చిన్నవాడు అని లోలోపల అనుకుంటూ ఉంటాను, నా తరువాత అట్లా అనుకునేవారు కూడా ఉండరు.