తిరిగొచ్చినవాళ్ళ టీ

మేడ మీద చీర ఆరేస్తే నాలుగు పక్కలా క్లిప్పులు పెట్టందే నాకు మనసు ఒప్పదు. పక్కింటి హంసాబెన్‌కు అది చూస్తే నవ్వు. "ఎగిరిపోతే ఇంకోటి కొనుక్కో! సూరత్‌లో ఉండి చీరకు కాపలా ఏమిటి?" అంటుంది. మొన్న సాయంత్రం సముద్రం వైపు నుంచి హెలికాప్టర్ ఒకటి బాగా కిందుగా మా ఉధ్నా పేట మీదుగా వెళ్ళింది. ఆ చప్పుడు నాకు చెవికంటే ముందు గుండెల్లో వినబడుతుంది. తీగ మీది కొత్త చీర ఒక్కసారి ఉబ్బింది. నా చెయ్యి దానంతట అదే వెళ్ళి కొంగు పట్టుకుంది. గంజి వాసన, కొత్త గుడ్డ వాసన. చప్పుడు దూరమైపోయాక కూడా ఆ కొంగు వదలకుండా అలాగే నిలబడ్డాను. కెప్టెన్ ప్రభాకరంగారు గుర్తుకొచ్చారు.

ఆయన్ని చూడనివాళ్ళకు పైలట్ అంటే నల్ల కళ్ళద్దాలు, మెరిసే బూట్లు అనిపిస్తుంది. ఈయన వయసు మళ్ళి, కొంచెం వంగి నడిచే మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉండేది. విజయనగరం వైపు మనిషి, సైన్యంలో పనిచేసి బయటికొచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. మా నాన్న రైల్వేలో గుమాస్తా. మేముండే ఉధ్నా క్వార్టర్లకు రెండు సందుల అవతల ఆయన అద్దెకుండేవారు. అప్పట్లో ఒక వజ్రాల సేఠ్ సరదాకు కొంత, వ్యాపారానికి కొంత కలిపి ఒక హెలికాప్టర్ కొన్నాడు. తరవాత ఇంకోటి అద్దెకు తెచ్చాడు. పెళ్ళిళ్ళలో పూలు చల్లడం, షావుకార్లను గుళ్ళకు, ఫ్యాక్టరీలకు తిప్పడం, ఎప్పుడైనా ఒక రోగిని ముంబై చేర్చడం, ఇదీ పని. ఊళ్ళో అందరూ అది నాలుగు రోజుల ముచ్చటే అనుకున్నారు. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చునని ఫోను, రేడియో చూసుకునే పనికి నన్ను పెట్టుకున్నారు. ఆ రేకుల గది ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

మేం వెళ్ళే చోట్ల వాతావరణం చెప్పేవాళ్ళెవరూ ఉండేవారు కాదు. అక్కడి కిరాణా కొట్టుకో, గుడి ఆఫీసుకో నేనే ఫోన్ చేసి కనుక్కోవాలి. మొదటి వారంలో ఒకరోజు, "వాతావరణం బాగుందట సార్" అని చెప్పాను.

"ఎవరన్నారు?"

"కొట్టాయన."

"బాగుందా అని అడిగావు, బాగుందన్నాడు. మర్యాదస్తుడు, పాపం" అని సోంపు నోట్లో వేసుకున్నారు. "అలా అడక్కూడదమ్మా. కొండ మీద గుడి జెండా కనిపిస్తోందా అని అడుగు. ఏ రంగో కూడా చెప్పమను."

మళ్ళీ ఫోన్ చేశాను. జెండా సంగతి దేవుడెరుగు, కొండే కనబడటం లేదన్నాడు. ఆ రోజు ఎవరూ ఎగరలేదు. ఈనాటికీ నేనెవర్నీ "అంతా బాగుందా" అని అడగను. మా అమ్మాయి ఫోన్ చేసినా "ఏం తిన్నావు" అనే అడుగుతాను.

ఆయన పెట్టిన ఇంకో ఆనవాయితీ గురించే నేను అసలు చెప్పాలనుకున్నది. హెలికాప్టర్ చేరవలసిన చోటికి దగ్గరవుతోందనగానే నేను పొయ్యి వెలిగించి టీకి నీళ్ళు పెట్టాలి. "దిగాం" అన్న కబురొస్తే ఆ టీ మేం తాగేస్తాం. దిగకుండా ఎక్కడినుంచి తిరిగొచ్చినా మొదటి కప్పు ఆ పైలట్‌ది. ఎందుకు తిరిగొచ్చావని గదిలో ఒక్కరు కూడా అడగకూడదు. మా రెండో పైలట్ దేశాయ్ పాతికేళ్ళ కుర్రాడు. ఒకసారి పెళ్ళివారిని సగం దారి తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేశాడు. పెళ్ళికొడుకు బాబాయి నానా మాటలూ అన్నాడు. దేశాయ్ మొహం పాలిపోయి లోపలికొచ్చాడు. ప్రభాకరంగారు లేచి స్వయంగా కప్పు అందించి, "కూర్చోరా, అల్లం ఎక్కువ వేయించాను" అన్నారు. అంతే.

దేశాయ్ వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను, "అడిగితే తప్పేముంది సార్, తెలుసుకోవడానికే కదా?" అని.

"ఇవాళ ఎందుకని అడిగామనుకో, రేపు గాల్లో ఉండగా మనకు చెప్పాల్సిన జవాబు వెతుక్కుంటాడు. దొరక్కపోతే ముందుకే పోతాడు" అన్నారు.

సేఠ్‌కు ఈ టీ సంగతి తెలిసి ఒళ్ళు మండింది. ఒకరోజు నా ముందే, "కెప్టెన్ సాబ్, నేను జీతమిచ్చేది ఎగరడానికా, తిరిగి రావడానికా?" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు చూసి ఆయనకేమీ పట్టదనుకున్నాను. మనుషుల్ని ఎంత తక్కువ అర్థం చేసుకుంటామో!

ఒక చీరల మిల్లు షావుకారు తన తల్లిని ఆమె పుట్టిన ఊరికి హెలికాప్టర్‌లో తీసుకెళ్ళాలని ముచ్చట పడ్డాడు. ఆమెను అందరూ బా, అంటే అమ్మ, అనేవారు. బోసినోటి మనిషి, ఎక్కేముందు హెలికాప్టర్‌కు కుంకుమ పెట్టింది. మొదటిసారి కొండల మీద మబ్బు పట్టి ప్రభాకరంగారు తిరిగొచ్చారు. రెండోసారి దిగాల్సిన పొలం నిండా జనం, పశువులు ఉంటే తిరిగొచ్చారు. రెండుసార్లూ టీ తాగారు. షావుకారు కోపంతో ఊగిపోయాడు. సేఠ్ వచ్చి ఈసారి గొంతు పెంచకుండానే చెప్పాడు: "మూడోసారి కూడా వెనక్కొస్తే ఇక రేపటి నుంచి రావద్దు. దేశాయ్ ఉన్నాడుగా." ఆ వయసు పైలట్‌ను మళ్ళీ పిలిచి పనిచ్చేవాళ్ళు లేరని గదిలో అందరికీ తెలుసు. ఎగరడం తప్ప ఆయనకు ఇంకో సంసారం లేదు.

మూడో ప్రయాణానికి మల్లేశం ముందుగానే జీపులో వెళ్ళాడు. సిరిసిల్ల వైపు మనిషి, సూరత్‌లోనే గోడాదరాలో ఉంటూ ఏళ్ళపాటు మగ్గాలు నడిపి, చెవులు పాడయ్యాయని మా దగ్గర చేరాడు. దిగే చోట రాళ్ళు ఏరించడం, సున్నంతో గుండ్రంగా గీయడం, జనాన్ని దూరంగా నిలబెట్టడం అతని పని. అన్నీ సరిగ్గా చేశాడు. తీరా హెలికాప్టర్ చప్పుడు వినబడగానే షావుకారు మనుషులు ట్రాక్టర్‌లోంచి కొత్త చీరల తాను దించి, సున్నపు గీత దగ్గర్నుంచి పందిరిదాకా పరిచేశారు. పెద్దావిడ పాదం పుట్టిన ఊరి మట్టి మీద కాదు, కొడుకు నేయించిన గుడ్డ మీద పడాలట. చీరల ఊరివాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టని మర్యాద అది. తలుచుకుంటే వాళ్ళ మీద కోపం కూడా పూర్తిగా రాదు.

"నేను మొత్తుకున్న అక్కా" అన్నాడు తరవాత మల్లేశం, కళ్ళనీళ్ళతో. "గాలికి లేస్తది, తీయుండ్రి అని ఉరికిన. జర పక్కకు జరుగు భాయ్ అని నన్నే నూకిండ్రు. ఒక కొస పట్టుకొని గుంజుతనే ఉన్న, గంతల సార్ దిగవట్టిండు."

దిగేటప్పటి గాలికి చీరల తాను లేచింది. తోక చివర తిరిగే చిన్న రెక్కలకు చుట్టుకుంది. హెలికాప్టర్ గిర్రున తిరిగి, మనిషెత్తు నుంచి పక్కకు ఒరిగి పడింది. దేవుడి దయ, ప్రాణాలు దక్కాయి. బా చెయ్యి విరిగింది. ఇక్కడ రేడియోలో ఏ కబురూ లేదు. టీ మరుగుతూనే ఉంది. ఊరి నుంచి ఫోన్ వచ్చేసరికి గిన్నె మాడిపోయింది.

ఆయన జీపులో తిరిగొచ్చారు. సేఠ్ అప్పటికే ఒక దారి ఆలోచించి పెట్టాడు. పైనుంచి గుడ్డ కనబడలేదని చెప్పాలి, కింద చూసుకోవాల్సిన మనిషి చూసుకోలేదనాలి, అప్పుడు ఆయన ఉద్యోగం నిలబడుతుంది. ఆయన మల్లేశం వైపు చూశారు. "కనబడింది. చూసే దిగాను" అన్నారు. విచారణకు వచ్చినవాళ్ళకూ అదే మాట చెప్పారు. ఆ మాటతో ఆయన ఎగరడం ముగిసింది.

నేను కొత్తగా టీ పెట్టి కప్పు తెచ్చాను. ఆయన ముట్టుకోలేదు.

"ఇది తిరిగొచ్చినవాళ్ళదమ్మా" అన్నారు. నేను అడక్కపోయినా, తనే చెప్పారు: "లేపేసి వెనక్కి తిప్పడానికి చెయ్యి సిద్ధంగానే ఉంది. వెనకనుంచి ఆవిడ నా భుజం తట్టింది, వచ్చేశాం కదా బేటా అంది. సేఠ్ మొహం కూడా కళ్ళ ముందు ఆడింది. పక్కకు జరిగి దిగితే సరిపోతుందనుకున్నాను."

ఆ కప్పు చల్లారిపోయింది. కొద్ది రోజులకే ఆయన సామాను సర్దుకుని విజయనగరంలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. ఏడాది తిరక్కుండా కంపెనీ కూడా మూతపడింది. మల్లేశం మళ్ళీ మగ్గాల దగ్గరికి పోయాడు. ఎన్నిసార్లు వెనక్కి తిరిగి ఎంతమందిని క్షేమంగా ఇళ్ళకు చేర్చారో ఆ మనిషి! అది ఎవరికీ గుర్తులేదు. ఉధ్నాలో ఇప్పటికీ ఎవరినడిగినా "చీర చుట్టుకున్న పైలటా?" అంటారు. వినలేక అక్కడినుంచి లేచిపోతాను.

నేను ఈ పని వదల్లేదు. సముద్రంలో చమురు బావుల మీద పనిచేసేవాళ్ళను చేరవేసే కంపెనీలో ఇప్పటికీ అదే ఫోను, అదే రేడియో. కొన్నేళ్ళ కిందట ఒక కొత్త పైలట్ గాలివానకు సగం దారిలో తిరిగొచ్చాడు. అతనికి టీ ఇచ్చి, బయటికొచ్చి, ప్రభాకరంగారికి ఫోన్ చేశాను. గొంతు బాగా సన్నబడింది.

"సార్, ఇవాళ ఒకబ్బాయి తిరిగొచ్చాడు. టీ ఇచ్చాను."

"ఎందుకొచ్చావని అడగలేదుగా?"

"లేదు సార్."

"మంచిది" అన్నారు. ఫోన్ పెట్టేస్తారేమో అనుకున్నాను. పెట్టలేదు. "ఏమ్మా, ఆ రోజు నేను తిరిగొచ్చి ఉంటే టీ ఉండేదా? మూడోసారి కదా, సేఠ్ కూడా అక్కడే కూర్చుని ఉండి ఉంటాడు."

"పొయ్యి మీదే ఉంది సార్. సేఠ్ ఎదురుగానే పెట్టాను."

"ఆ సంగతి అప్పుడు తెలిసి ఉంటే..." అని ఆగిపోయారు. ఇంకెవరో ఫోన్ తీసుకుని, అన్నయ్య అలిసిపోయారని చెప్పారు. ఆ తరవాత ఆయన గొంతు నేను మళ్ళీ వినలేదు.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు ఫ్లాస్కు కొనుక్కోవచ్చు కదా మేడమ్ అంటారు. నేను వినను. ఎవరు ఎగిరినా, పైన ఉన్నవాళ్ళకు వినబడేలా రేడియోలో ఒక మాట చెప్పి, పొయ్యి వెలిగిస్తాను: "టీ పెట్టాను."