ఒక పెళ్లికి ఒకటే తాజ్‌మహల్

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా గిఫ్టు అంగడి మూసేస్తున్నామని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ నాకు పీడ వదిలిందనుకున్నారు. మనుషుల్ని చూస్తే తల దించుకునే పిల్ల, ఇక రోజంతా అంగట్లో నిలబడే బాధ తప్పిందని అమ్మ చుట్టాలతో కూడా అంది. నిజానికి నేను నోరు విప్పి మాట్లాడగలిగిన చోటు అదొక్కటే. వస్తువుకు రంగు కాగితం చుట్టేటప్పుడు చూపు కాగితం మీదే ఉంటుంది. ఎదుటివాళ్ల ముఖం చూడనక్కర్లేదు. మడత సరిగ్గా పడిందా, టేపు వంకరపోయిందా అని చూసుకుంటూ ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడేదాన్ని. పెళ్లి ఎవరిది, పిల్ల ఏం చదివింది, ఏ ఊరికి ఇస్తున్నారు. కాగితం చేతిలోంచి పోగానే నోరు మూతపడేది. ఇంటికొస్తే పుస్తకం, డైరీ, అంతే. అంగడి పోతే పూర్తిగా మూగదాన్నయిపోతానేమోనని నా భయం.

అంగడి తిరుపతిలో, బస్టాండు వైపు పోయే ఒక సందులో ఉండేది. ఊరంతా దేవుడి పటాలే అమ్ముతోంది కాబట్టి మనం వేరేవి అమ్మాలని నాయన ఆలోచన. అందుకని దేవుడు తప్ప అన్నీ తెచ్చాడు. గోడ గడియారాలు, పూలకుండీలు, గాజుపెట్టెల్లో తెల్లటి తాజ్‌మహళ్లు. కొండకు వచ్చినవాళ్లు దేవుడి పటమే కొంటారని, ఊళ్లోవాళ్లు తాజ్‌మహల్‌ను మెచ్చుకుని గడియారం తీసుకుపోతారని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. ఇంతలో అంగడి అద్దెకిచ్చినాయన ఆ వరసంతా పడగొట్టి లాడ్జి కడతానన్నాడు. ఖాళీ చేశాం. మిగిలిన సరుకు ఇంటికి వచ్చి మంచాల కింద, బీరువా మీద, వంటింటి అటక మీద చేరింది.

అంతా ఒకేసారి ఎత్తుకుపోతానని ఒకతను వచ్చాడు. గాజు వేరు, ప్లాస్టిక్కు వేరు చేసి తూకం వేస్తానన్నాడు. నాయన అతన్ని గడప కూడా దాటనివ్వలేదు.

"పెండ్లికిచ్చే వస్తువును పాతసామాన్లోనికి తూకానికిస్తామా?" అన్నాడు.

చిత్తూరులో కల్యాణమండపాల దగ్గర అమ్మితే పోతాయని ఎవరో చెప్పారు. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు చాలామంది ఒట్టి చేతులతో దిగుతారట. గేటు దగ్గర కాగితం చుట్టిన గిఫ్టు కనబడితే కొనుక్కుని లోపలికి పోతారట. మేము ముందురోజే ఇంట్లో కూర్చుని అన్నిటికీ కాగితాలు చుట్టి, ధరలు అంటించి, సంచులు బస్సెక్కించాం.

తీరా మండపం ముందు గుడ్డ పరిచాక నాయన కూర్చోలేదు. అంగడి నడిపిన మనిషి, నేల మీద ఎట్లా కూర్చుంటాడు. "టీ తాగొస్తా, సూస్తాండు మా" అని రోడ్డు దాటిపోయి, టీ అంగడి బెంచీ మీదే ఉండిపోయాడు.

నా పక్కన ఒక అవ్వ మల్లెపూలు అమ్ముతోంది. ఆమె గొంతు వీధి చివరికి వినబడుతోంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ ముందే చుట్టేశాం కాబట్టి ఆ చేతులకు పని లేదు.

"ఏం పాపా, అమ్మేదానికొచ్చినావా, పెండ్లి సూసేదానికొచ్చినావా?" అంది అవ్వ.

నేను నవ్వి గుడ్డ అంచు సరిచేశాను.

మాట్లాడాల్సిన అవసరం కూడా రాలేదు. లోపల ఏముందని ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లు డబ్బాల్లో పెద్దది చూసుకుని, డబ్బులిచ్చి, చంకన పెట్టుకుని లోపలికి పోయారు. ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది, మూడోది గేటు దాటుతుండగా నాకు తట్టింది. పెద్ద డబ్బాలన్నీ తాజ్‌మహళ్లే. పోయేవన్నీ ఒకే పెళ్లికి.

అప్పుడే తలకు తుండుగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "ఆ పెద్దది ఈమ్మా" అన్నాడు. వద్దని చెప్పాలి. నోరు పెగల్లేదు. ఆయన డబ్బు చాపి నిలబడే ఉన్నాడు. నేను డబ్బా ఒళ్లోకి లాక్కుని, టేపు గోటితో లేపి, కాగితం విప్పడం మొదలుపెట్టాను. కాగితం చేతికి తగలగానే మాట దానంతటదే వచ్చింది.

"ఇది తాజ్‌మహలు పెద్దాయనా. ఇట్లాటివే ఇప్పటికే మూడు లోపలికి పోయినాయి. ఇంకోటి తీసుకోండి."

ఆయన వంగి గాజులోకి చూశాడు. "ఓర్నీ, గోరీ గదమ్మా ఇది! ఒక పెండ్లికి ఎన్ని గోరీలిస్తారు? ఇంగేమన్నా సూపీ."

పూలకుండీ చూపించాను. విప్పిన కాగితాన్నే మళ్లీ మడిచి దానికి చుట్టాను. చుట్టినంతసేపూ పెళ్లికూతురు ఆయన తమ్ముడి మనవరాలని, వంకాయ కూర తప్ప ఏమీ వండటం రాదని ఆయన చెబుతుంటే, అన్నం వండటం వస్తే చాల్లెండి అని నేను కూడా ఏదో అన్నాను. ఆయన నవ్వుకుంటూ పోయాడు.

"కాయితం సేతికొస్తే గానీ నీకు నోరు రాదే!" అంది అవ్వ.

బెంచీ మీంచి అంతా చూసిన నాయన తిరిగొచ్చేటప్పుడు బస్సులో నవ్వుతూ అన్నాడు. "పెద్దది అడిగినోనికి సిన్నది అంటగట్టినావే. ఇట్ల యాపారం సేసే గదా మనం అంగడి మూసుకున్నేది." అంగడి మూశాక ఆయన నవ్వడం అదే మొదలు. "ఇంగ మీద ఒక పెండ్లికి ఒకటే తాజ్‌మహలు" అన్నాడు.

ఇంట్లో చుట్టొద్దని, అక్కడే చుడతానని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. అప్పటినుంచి కాగితం చుట్ట, కత్తెర పట్టుకుపోయాం. ముహూర్తం ఉన్నప్పుడల్లా చిత్తూరు బస్సెక్కాం. కొన్ని పెళ్లిళ్లయ్యాక నాయన కూడా టీ అంగడి వదిలి గుడ్డ మీద కూర్చుని నాకు టేపు తుంచి ఇవ్వడం మొదలుపెట్టాడు.

ఆషాఢం ముందు ఆఖరి ముహూర్తానికి సరుకు అయిపోయింది. బస్సులో మినారు విరిగిన తాజ్‌మహల్ ఒకటి మాత్రం మిగిలింది. అవ్వకు ఇవ్వబోతే, "నాకెందుకు మా గోరీ, ఇంగా కొన్నాళ్లుండనీ నన్ను" అంది. ఇంట్లో టీవీ మీద పెట్టుకుందామని నాయన దాన్ని సంచిలో వేసుకున్నాడు. కాగితం చుట్ట కూడా అయిపోయి ఒట్టి అట్ట మిగిలింది. నాయన బస్సు చూసొస్తానని పోయాడు.

ఇంట్లో ఏం చేస్తుంటావని అవ్వ అడిగింది. పుస్తకాలు చదువుతానన్నాను. ఏముంటాయి వాటిలో అంది. ఈమధ్య చదివిన కథ చెప్పాను. అత్తగారింట్లో ఒక పిల్ల ఎవరితోనూ పలకకుండా ఉండిపోయే కథ.

"ఆడనే ఎందుకు పడుండాల? పుట్టింటికి పోవచ్చు గదా," అంది అవ్వ.

"పుట్టింట్లో సవతి తల్లి, పిన్నమ్మ ఉండాది అవ్వా."

"అయితే ఆ పిన్నమ్మను నాలుగు దులిపేసి రావాల్సింది. ఎవురు రాసినారో గానీ, ఆ పిల్లకు నోరు పెట్టడం మరిసిపొయినారు."

నోరు లేకపోవడం కాదు, ఎవరూ అడగకపోవడం అని నేను వాదించాను. అవ్వ ఒప్పుకోలేదు. మండపం మీద లైట్లు వెలిగాయి. మేళం ఆగి మళ్లీ మొదలైంది. నాయన రోడ్డు అవతలినుంచి చెయ్యి ఊపాడు. బస్సు వచ్చింది. నేను లేచి గుడ్డ దులిపి మడిచాను. అవ్వ బుట్ట సర్దుకుంటూ నా చేతుల వైపు చూసింది.

"ఏం మా, కాయితం లేకండానే ఇంతసేపు మాట్లాడినావే!"