మీసం తీయించిన రన్నింగ్ టోటల్

1987 చలికాలంలో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక కారఖానా కంప్యూటర్ విభాగంలో జూనియర్ ప్రోగ్రామర్‌గా వేశారు. చేరగానే విభాగాల మధ్య తాడులాగుడు లాంటి ఆటల పోటీలు వచ్చాయి. పాయింట్ల లెక్క మా పనే.

మా మేనేజరు సిన్హాగారిది ఒత్తయిన మీసం. సిక్కోలు నుంచి వచ్చిన క్యాంటీన్ సూపర్‌వైజర్ అప్పలస్వామిగారిది అంతకన్నా ఒత్తు. ఏటా ఆఖరి స్థానం ఈ ఇద్దరి జట్లలో ఒకదానిదే. ఈసారి అట్టడుగున వచ్చినవాడు మీసం తీసెయ్యాలని పందెం కట్టుకున్నారు. అప్పలస్వామిగారి ముఖంలో మీసం పోతే మిగిలేది పెద్దగా లేదు. పాపం, ఆయన బెంగ నాకర్థమైంది.

కొత్తగా వచ్చిన ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాష మీద మోజుతో, పాయింట్ల పట్టికను లెక్క అడిగే క్వెరీ సిన్హాగారే రాశారు. ఒక్కో విభాగానికి ఏ రోజుకారోజు అప్పటిదాకా వచ్చిన పాయింట్లెన్నో చూపే రన్నింగ్ టోటల్ అది. ఆ రోజుల్లో ఇందుకోసం, ప్రతి వరుసకీ దాన్నీ, దాని పై వరుసలన్నిటినీ కూడే మరో క్వెరీని లోపల ఇరికించాలి. "అదే విభాగానివి మాత్రమే" అని షరతు పెడితేనే విభాగం మారగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ షరతే ఆయన మరిచారు. ఒకరి పాయింట్లు తర్వాతివారి నెత్తిన పడుతూ పోయి, విభాగాల నంబర్ల వరుసలో చివరనున్న క్యాంటీన్‌కు ఊరందరివీ చేరాయి.

నోటీసు బోర్డు చూసి అప్పలస్వామిగారు పరిగెత్తుకొచ్చారు. "ఏటమ్మా, మేవే ఫస్టా? తాడు అట్టుకోకముందే పడిపోనాం గదేటి!" అన్నారు. జవాబు వినకుండానే జిలేబీలు వేయించడానికి వెళ్లిపోయారు.

తప్పెక్కడో సిన్హాగారికి చూపించాను. బోర్డు మీద మేం అట్టడుగున ఉన్నది కూడా ఆ తప్పువల్లేనని ఆయన నమ్మకం. షరతు చేర్చి, మీసం దువ్వుకుంటూ "అబ్ దేఖో", ఇప్పుడు చూడు, అన్నారు. ప్రింటర్ కదిలింది. క్యాంటీన్ దబ్బున కిందపడి, ఆఖరి స్థానానికి ఒక్క మెట్టు పైన ఆగింది. మిగతావాళ్లందరి అంకెలూ దిగాయి. మాది మాత్రం ఉన్నచోటే ఉంది, అట్టడుగున.

విభాగాలకు నంబర్లిచ్చిన రోజున సిన్హాగారు దర్జాగా ఒకటో నంబరు మాకే ఉంచుకున్నారు. ముందు ఎవరూ లేకపోతే నెత్తిన పడేదేమీ ఉండదు. తప్పు క్వెరీలోనూ మా లెక్క ఒప్పే.

మర్నాడు సిన్హాగారు నున్నటి ముఖంతో వచ్చారు. అప్పలస్వామిగారు జిలేబీల ప్లేటు ఆయన ముందు పెట్టి, ఇక పాకం మీసానికి అంటదని హిందీలో ఓదార్చారు. నేను నవ్వాపుకోలేక ప్రింటర్ వెనక్కి వెళ్లాను.

విభాగాలవారీ రన్నింగ్ టోటల్‌ను మొదటి విభాగం చూసి నమ్మకూడదు. సరిచూడాల్సింది రెండోదాన్ని. రిటైరయ్యేదాకా నేను రెండోదాన్నే ముందు చూశాను.