పూలపిల్ల కథకు నేను పెట్టిన ముగింపు

నా చిన్నప్పుడు మాఘమాసం వెళ్లిపోయి ఎండ చురుక్కుమనే వేళకు మా ఇంటి వాకిలంతా ఎర్రబడేది. కోదాడకు నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. మా నాన్న మిరప వేసేవాడు. కల్లంలో ఎండిన కాయలను బండి మీద తెచ్చి పందిరి కింద పోస్తే, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని తాలు ఏరేవారు. తాలు అంటే రంగు వెలిసి తెల్లబడిన కాయ, మచ్చ పడిన కాయ. మంచివి ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. రెండూ అమ్ముడుపోయేవే. కానీ కలిసిపోయాయంటే వ్యాపారులు మొత్తం సరుకుకూ తాలు ధరే కట్టేవారు. అందుకే మా నాయనమ్మ రెండు కుప్పల మధ్య జానెడు నేల ఎప్పుడూ ఖాళీగా ఉంచేది. ఆ జానెడు నేల మీద ఎవరైనా కాలు పెడితే ఆమె నోటికి జడవాల్సిందే.

ఆ ఏరేవాళ్లలో పక్కింటి అక్క ఉండేది. అప్పుడు నాకు పదేళ్లు, ఆమెకు ఇరవై. పెళ్లయిన ఏడాదికే భర్త జ్వరమొచ్చి పోతే పుట్టింటికి తిరిగి వచ్చేసింది. మా అమ్మకు పొలం పనులతోనే తెల్లారి పొద్దుగూకేది కాబట్టి నాకు జడ వేసేది అక్క, నా పలక తుడిచేది అక్క, నాతో గొడవపడి మూతి ముడుచుకునేదీ అక్కే. నాకు ఆమె తప్ప లోకం లేదంటే లేదు. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. అంతా దాని వల్లే వచ్చింది.

ఆమె అత్తగారింటి నుంచి తెచ్చుకున్న రేకుపెట్టెలో ఒక నవల ఉండేది. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు లేవు. దాని పేరేమిటో, ఎవరు రాశారో నాకు ఈరోజుకీ తెలియదు. ఒంటిపూట బడి నుంచి నేను ఇంటికి రాగానే అక్క దాన్ని నా ఒళ్లో పెట్టి, "మా చేతులు మిరపకాయల్ల ఉన్నయి చెల్లె, నువ్వు సదువు, మేం ఇంటం" అంది. అక్కకు అంత చదువు లేదని, ఆ పుస్తకం ఆమె భర్తదని నేననుకున్నాను. అంతమంది పెద్దవాళ్ల మధ్య పీట వేసుకుని కూర్చునేసరికి నాకు కొమ్ములు మొలిచాయి.

కాకతీయుల కాలం నాటి కథ అది. పూలు అమ్మి ముసలితల్లిని సాకే ఒక పిల్ల, రాజుగారి సైన్యంలో గుర్రపు రౌతు ఒకడు. ఇద్దరికీ మనసులు కలిశాయి. రౌతు యుద్ధంలో చనిపోతే ఊరి చివర అతని పేర వీరగల్లు నాటారు. పూలపిల్ల రోజూ ఆ రాయికి దండ వేసేది. అలా కొన్నేళ్లు గడిచాక ఎడ్లబళ్ల మీద ఉప్పు తెచ్చే వర్తకుడొకడు ఆ ఊరికి వస్తూ పోతూ ఆమెను చేసుకుంటానని అడిగాడు. కథంతా ఆమె ఏమంటుందోనన్న చోటికి వచ్చి ఆగింది.

మా వాకిట్లో ఆడవాళ్లు వింటూ ఊరుకునే రకం కాదు. రాణి ఒంటికి గంధం పూసుకుందని చదివితే, ఆ గంధం నూరిన దాని చేతులు ఎంత నొచ్చాయో రాయలేదేమని ఒకామె అడిగేది. గుర్రానికి గడ్డి ఎవరు కోశారని ఇంకొకామె నిలదీసేది. వానలో పూలపిల్లా రౌతూ ఒకే గొడుగు కింద నిలబడిన ఘట్టం వచ్చినప్పుడు నాకు సిగ్గేసి మూడు పేజీలు ఒక్కసారే తిప్పేశాను. నాయనమ్మ తల కూడా ఎత్తలేదు. "ఇప్పుడిదాంక వాన పడుతుండె. ఇంతలనే ఎండ ఎట్ల కొట్టె? నడుమ ఏదో మింగినవ్ పోరీ" అంది. అక్షరం ముక్క రాని నాయనమ్మ దాన్ని ఎలా పట్టుకుందా అని నాకు వారం రోజులు ఆశ్చర్యం. అందరూ పడీపడీ నవ్వారు. ఆ మూడు పేజీలూ మళ్లీ చదవక తప్పలేదు.

ఆ రోజుల్లోనే అక్కకు మారుమనువు సంబంధం వచ్చింది. మిర్యాలగూడలో రైస్‌మిల్లులో పనిచేసే ఒకాయన. ఆయన ఒకసారి వచ్చి మంచం మీద కూర్చుని మంచినీళ్లు తాగి, చెంబు తనే కడిగి బోర్లించి పోయాడు. ఊళ్లో వాళ్లందరూ ఆ చెంబు సంగతే మెచ్చుకుంటూ ఉంటే నాకు ఒళ్లు మండిపోయేది. అక్కను వాళ్ల నాన్న బలవంతపెట్టలేదు. నీ ఇష్టమే బిడ్డా అన్నాడు. ఆమె మాత్రం ఔననీ కాదనీ చెప్పలేదు. పందిరి కింద ఆడవాళ్లు పోరు పెడితే నవ్వేసి, "ఈ కథ అయిపోనియ్యిన్రి. ఆ పూలపిల్ల ఏం జేస్తదో సూసి నేను గూడ చెప్త" అంది.

అందరూ దాన్ని వేళాకోళమనుకున్నారు. నేను అనుకోలేదు. ఆ సాయంత్రమే పుస్తకం పట్టుకుని ధాన్యపు గుమ్మి వెనక దాక్కుని చివరి పేజీలు చదివేశాను. పూలపిల్ల వీరగల్లుకు చివరి దండ వేసి, తల్లిని ఉప్పు బండిలో కూర్చోబెట్టి, తను పక్కన నడుచుకుంటూ వర్తకుడితో వెళ్లిపోతుంది. అంటే అక్క మిర్యాలగూడ పోతుంది. నాకు జడ వేసేవాళ్లు ఉండరు.

మర్నాడు పుస్తకం విప్పి, పేజీల్లో లేనిది చదివాను. పూలపిల్ల వర్తకుణ్ని పొమ్మంది. వీరగల్లు పక్కనే చేతిలో దండతో కూర్చుని అన్నం నీళ్లు మాని ప్రాణం విడిచింది. అప్పుడు ఆ రాయి కన్నీళ్లు పెట్టుకుంది. ఆ రాతి కన్నీళ్లను రాత్రంతా కష్టపడి ఆలోచించి పెట్టాను. వాటిని చదివేటప్పుడు గొంతు కూడా వణికించాను.

అందరూ ఏడుస్తారేమోనని ఎదురుచూశాను. నాయనమ్మ చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి చూసి, తాలు కుప్పలోకి విసిరి, "ఇది గూడ తాలే" అంది. నేను ఏమిటన్నట్టు చూశాను. "ఎండల వానల ఏడూర్లు తిరిగి పూలమ్మిన పిల్ల, తల్లిని సాకిన పిల్ల, రాయి పక్కన కూసొని సస్తదా? మరి ఆ ముసల్దానికి గంజి ఎవలు పోస్తరు?"

నిజంగానే ముసలితల్లిని నేను మరిచిపోయాను. మిగతావాళ్లూ అందుకున్నారు. మొదటినుంచీ చక్కగా నడిచిన కథకు చివర ఇలా కాలు విరగ్గొట్టాడేమిటి రాసినాయన అని ఆయన్ను తిట్టిపోశారు. నా తప్పుకు ముక్కూమొహం తెలియని రచయిత తిట్లు తింటుంటే తలవంచుకుని కూర్చున్నాను. అక్క మాత్రం గబగబా కాయలు ఏరుతూనే ఉంది.

పొద్దు వాలాక అక్క తొట్టి దగ్గర చేతుల మంటకు నూనె రాసుకుంటూ నన్ను పిలిచి నీళ్లు పొయ్యమంది. పోస్తున్నాను. ఆమె నా మొహం చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు నవల చివరి పేజీ చెప్పడం మొదలుపెట్టింది. చివరి దండ, ఉప్పు బండి, బండిలో తల్లి, పక్కన నడక. ఒక్క ముక్క పోలేదు.

ఆమె ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదట. సంబంధానికి మనసులో ఎప్పుడో ఒప్పుకుందట. నాకెలా చెప్పాలో తెలియక, ఆ పూలపిల్ల వెళ్లడం నా నోటితో నేనే చదివితే కాస్త తట్టుకుంటానని, కథ మిషతో రోజులు నెట్టుకొచ్చిందట. ఊరంతా జవాబు కోసం చూస్తుంటే ఆమె పదేళ్ల పిల్ల కోసం ఆగింది.

నేను వెక్కివెక్కి ఏడ్చాను. "నువ్వు పోతే నాకెవలున్నరు?" అన్నాను. అక్క తడిచేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుంది. నూనె రాసినా ఘాటు పోని ఆ చేతులు బుగ్గకు తగిలి మండింది. "గీ మాట చెప్పు చెల్లె. ఇది నీ మాట. పుస్తకం మాట పుస్తకాన్ని చెప్పనియ్యి, నీ మాట నువ్వు చెప్పు. రెండు ఒక్క కుప్పల పోస్తే, దేన్నీ ఎవలు నమ్మరు" అంది.

మర్నాడు పందిరి కింద మళ్లీ పుస్తకం విప్పాను. నిన్న చదివింది నా కల్పన అని ఒప్పుకుని, అసలు ముగింపు ఉన్నదున్నట్టు చదివాను. తల్లి బండి ఎక్కిన చోట నాయనమ్మ "ఆఁ" అంది, అంతే. చదవడం అయ్యాక పుస్తకం మూసి, "ఇది నాకు నచ్చలే. అక్క పోవద్దు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాయనమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, మిరపకాయల ఘాటును నాలుగు తిట్లు తిట్టి, "ఇది మటుకు తాలు కాదు బిడ్డా" అంది.

అక్క ఆ సాయంత్రమే వాళ్ల నాన్నకు సరేనని చెప్పింది. ఉగాది దాటాక మిర్యాలగూడ బస్సెక్కింది. వెళ్తూ ఆ అట్టలేని పుస్తకం నా చేతిలో పెట్టింది. జడ వేసుకోవడం నేనే నేర్చుకున్నాను. చాలా రోజులు వంకరగా వచ్చేది.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉంటున్నాను. ఉద్యోగ విరమణ అయ్యాక చారిత్రక ప్రేమ నవలలు చదవడం, వాటి మీద సమీక్షలు రాసి మా పాఠకుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం నా పని. రాజులూ గుర్రాలూ ఉన్న నవల ఎక్కడ అచ్చయినా ఎవరో ఒకరు నాకు పంపుతారు. నా నోరు మంచిది కాదని కొత్త రచయితలు అనుకుంటారని విన్నాను. ప్రియుడి సమాధి దగ్గర నాయికను చంపిన ఒక కుర్ర రచయితను, ఇంట్లో ఉన్న ఆమె తల్లికి గంజి ఎవరు పోస్తారని అడిగాను. పాపం, అతను నెలరోజులు నాతో మాట్లాడలేదు. కానీ నా సమీక్ష ఎప్పుడూ రెండు ముక్కలుగానే ఉంటుంది. పుస్తకంలో ఏముందో, దాని దారిన అది సరిగ్గా నడిచిందో లేదో ముందు చెబుతాను. తర్వాత కొంత ఖాళీ వదిలి, "నాకు" అని మొదలుపెడతాను. ఆ ఖాళీ ఎందుకని అడిగినవాళ్లకు మా నాయనమ్మ జానెడు నేల గురించి చెబుతాను.

ఆ పేరు తెలియని నవల మీద మాత్రం ఇన్నేళ్లూ రాయలేదు. పోయిన నెల కూర్చుని రాశాను. మొదటి ముక్క రెండు పేజీలొచ్చింది, దాని చివరి మాట "ఈ ముగింపు సరైనదే." రెండో ముక్క ఒకే వాక్యం: "నాకు ఈరోజుకీ నచ్చలేదు."

గ్రూపులో పెట్టకముందు అక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆ చెంబు కడిగిన బావగారు ఆమెను కడదాకా పువ్వులా చూసుకునే పోయాడు. ఇప్పుడు అక్కకు డెబ్బై దాటాయి, మనవరాళ్లున్నారు, చూపు తగ్గింది.

అంతా విని అక్క, "ఇంకోసారి సదువు చెల్లె" అంది.

నడుమ ఏమీ మింగకుండా మళ్లీ మొదటినుంచీ చదివాను.