బూత్ కిటికీకి అద్దం బిగించాక

1998 వేసవిలో మండపేటలో నేను చీఫ్ ఆపరేటర్‌గా పనిచేస్తున్న థియేటర్‌కి డిజిటల్ సౌండ్ వచ్చింది. థియేటర్ పేరు రాయను. యజమానిగారి కుటుంబం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది, కనబడితే ఆప్యాయంగా పలకరిస్తారు. అప్పటికి నాది ఇరవై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఆపరేటర్ అంటే మిషన్ తిప్పేవాడని జనం అనుకుంటారు. నిజానికి ప్రొజెక్టర్ మీద చెయ్యి వెయ్యాలంటే విద్యుత్ తనిఖీ శాఖవారు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. అది ఉన్న మనిషి షో నడుస్తున్నంతసేపూ బూత్ వదిలి పోకూడదు. ఈ రూలంటే నాకు మహా గర్వంగా ఉండేది. యజమాని కూడా నా బూత్‌లోకి వచ్చేముందు తలుపు కొట్టేవారు.

ఇప్పుడు పెద్ద తెరలూ, నెత్తిమీంచి వినపడే సౌండూ, వెనక్కి వాలే కుర్చీలూ వచ్చాయి. వీటివల్ల సినిమా నిజంగా బాగుంటుందా అని తెలిసినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. బాగుంటుంది. అందులో నాకు ఎన్నడూ అనుమానం లేదు. అలాంటిది మొదటిసారి మా హాల్లో బిగించిన వారం ఏం జరిగిందో కూడా చెబితే తప్ప నా జవాబు పూర్తి కాదు.

పాత పద్ధతిలో సౌండంతా ఫిల్ము అంచున సన్నటి వంకర గీతగా ఉండేది. ఒక చిన్న బల్బు వెలుగు ఆ గీతలోంచి పోయి శబ్దంగా మారేది. తెర వెనక ఉన్న స్పీకర్లలోంచి పాటా, ఫైటూ, ఏడుపూ అన్నీ కలిసి ఒకే ముద్దగా వచ్చేవి. కొత్త పద్ధతిలో శబ్దం సీడీలలో వస్తుంది. ఫిల్ము మీద చుక్కల్లాంటి గుర్తులుంటాయి. ప్రొజెక్టర్‌కి బిగించిన రీడర్ ఆ గుర్తులు చదువుతూ సీడీని బొమ్మతోపాటు నడిపిస్తుంది. తెర వెనకే కాక రెండు పక్క గోడలకీ, వెనక గోడకీ స్పీకర్లుంటాయి. టెస్టు రీలు వేసిన రోజు వాన కురిసే సీనొకటి వచ్చింది. యజమానిగారు హాలు మధ్యలో కూర్చుని తల పైకెత్తి కప్పు కేసి చూశారు. ఆయన అమాయకత్వానికి నవ్వాను గానీ, అంతకు ముందు రోజు నేనూ అదే పని చేశాను.

ఈ సౌండు పెట్టడానికి చెన్నై నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, పనిమంతుడు. అతను కోరిన మార్పులు మూడు. ప్రొజెక్టర్ చప్పుడు హాల్లోకి రాకుండా బూత్ కిటికీలకు పక్కకు జరిపే దళసరి అద్దాలు బిగించాలి. గోడలకు తగిలి శబ్దం ప్రతిధ్వనించకుండా, గాజు పీచుతో చేసిన, నిప్పంటుకోని గ్లాస్‌వూల్ పలకలు పరిచి, వాటి మీద గుడ్డ తొడగాలి. పక్క తలుపుల మీదుగా కూడా మందపాటి తెరలు వేలాడదీయాలి. అద్దాలు ముందుగా వచ్చాయి. సోమవారం డిప్యూటీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌గారు వచ్చి వైరింగూ, ఫ్యూజులూ, గేటు దగ్గర నుంచి బూత్‌కి ఉన్న కాలింగ్ బెల్లూ అన్నీ పరీక్షించి సంతకం చేసి వెళ్ళారు. అప్పటికి గోడలు ఇంకా బోసిగానే ఉన్నాయి.

గ్లాస్‌వూల్ లోడు మాత్రం రాలేదు. శుక్రవారం పెద్ద హీరో సినిమా విడుదల. యజమానిగారు ఊరంతా పోస్టర్లు వేయించేశారు. ఆగడం ఆయన వల్ల కాలేదు. కోనసీమ నుంచి ఒక లారీ నిండా కొబ్బరిపీచు పలకలు తెప్పించి రెండు రోజుల్లో గోడలకు కొట్టించేశారు. ఇంజనీరు అభ్యంతరం చెప్పాడు. "వారంలో గ్లాస్‌వూల్ వచ్చాక మార్చేద్దామండి, మెత్తగానే ఉంది కదా" అన్నారు యజమానిగారు. మా ప్రాంతంలో దేనికైనా కొబ్బరిపీచే గతి. పరుపుకి అదే, తాడుకి అదే. మాలో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

ఇక నా తప్పు. గురువారం సౌండు సరిచేస్తుంటే స్పీకర్లలో సన్నటి హమ్ము వినిపించింది. నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట తుమ్మెద తిరుగుతున్నట్టుంది. వెతికితే, కాలింగ్ బెల్ తీగ సౌండు కేబుల్ పక్కనే ఒకే పైపులో వస్తోందని తేలింది. ఆదివారానికి వేరే పైపులో లాగిస్తానన్నాడు ఇంజనీరు. అంతవరకూ హమ్ముతో నడపడానికి నాకు మనసొప్పలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని బెల్ తీగ నేనే విప్పేశాను. ఆ హమ్ము నాకూ అతనికీ తప్ప ఇంకెవరికీ వినపడేది కాదు. గేట్‌మెన్‌కి చెప్పాలని అనుకున్నాను కూడా. అంతలోనే, బెల్ కొట్టేది సౌండు తగ్గిందనో బొమ్మ మసకగా ఉందనో చెప్పడానికే కదా, ఇంత గొప్ప మిషన్ వచ్చాక గేటు దగ్గర నుంచి నాకు సలహాలెందుకు అనుకున్నాను. సరిగ్గా ఇలాగే అనుకున్నాను. మాట మార్చి రాసుకోను.

గేట్‌మెన్ పేరు వీర్రాజు. నలభై అయిదేళ్ళుంటాయి. తెరకు ఎడమ వైపు తలుపు అతనిది. నేల క్లాసు మొత్తం అతని చేతి కింద ఉండేది. రైస్‌మిల్లు పనివాళ్ళూ, లారీ డ్రైవర్లూ ఎంత గోల చేసినా అతను పేరు పెట్టి పిలిస్తే కూర్చునేవారు.

శుక్రవారం మార్నింగ్ షో. హాలు నిండిపోయి, గోడల వెంట కూడా జనం నిలబడ్డారు. హీరో తెర మీదికి రాగానే అభిమానులు పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెరకు హారతి ఇవ్వడం మా హాల్లో ఏళ్ళ తరబడి ఉన్న ఆచారం. పాత రోజుల్లో వట్టి సున్నం గోడలు, సిమెంటు నేల. ఎవరూ వద్దనలేదు. ఆ రోజు కూడా ఎవరికీ అనాలని తోచలేదు. హీరో లారీ తోలుకుంటూ వచ్చాడు. లారీ చప్పుడు వెనక గోడలోంచి బయల్దేరి జనం మీదుగా తెరలోకి వెళ్ళింది. హాలు మొత్తం లేచి నిలబడింది. నా ఒళ్ళు పులకరించింది. తెర ముందు పళ్ళేలు తిరుగుతున్నాయి.

కొద్దిసేపటికి ప్రొజెక్టర్ వెలుగులో పొగ కనిపించింది. ఆపరేటర్‌కి ఆ వెలుగులో పొగ కొత్తేమీ కాదు. బీడీ పొగ, కర్పూరం పొగ ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదే. ఇంకాసేపటికి ఎడమ వైపు తలుపు తెరుచుకుని పట్టపగటి ఎండ హాల్లోకి కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. హీరో ఎంట్రీలో తలుపు తీసేవాడు మనిషా అని వీర్రాజుని పైనుంచే తిట్టుకున్నాను. జనం చేతులూపుతున్నారు. డాన్సనుకున్నాను. బూత్‌లో ఉన్న చిన్న స్పీకర్లో ఈలల్లేని శుభ్రమైన సంగీతం. అప్పుడు తట్టింది. ఈలలేవి? పాత కిటికీలోంచయితే హాల్లో ఎవరు దగ్గినా నాకు వినపడేది. అద్దం బిగించాక హాలు నాకు మూగదైపోయింది.

గబగబా అద్దం జరిపాను. ముందు వేడిగాలి, ఆ వెనకే అరుపులు వచ్చిపడ్డాయి. ప్రొజెక్టర్ ఆపి, సౌండు కట్ చేసి, హాలు లైట్లన్నీ వేశాను. అందుకు అయిదారు సెకన్లు పట్టి ఉంటుంది. సౌండు ఆగిన మరుక్షణం వీర్రాజు గొంతు స్పష్టంగా వినిపించింది. "తలుపులు తీశానండి, ఇటు రండి! తోసుకోకండి, పిల్లల్ని ఎత్తుకోండి!" అని అరుస్తున్నాడు. ఎంతసేపట్నుంచి అరుస్తున్నాడో తెలియదు. లైట్ల వెలుగులో ఎడమ గోడ గుడ్డ కింద ఎర్రగా పాకుతున్న నిప్పు కనబడింది. అతను ఒక చేత్తో తలుపు మీది తెర లాగి పట్టుకుని, రెండో చేత్తో మండుతున్న పీచు పలకలు ఊడబెరికి బయటికి విసురుతున్నాడు. నేను దిగి వెళ్ళాలా, బూత్‌లోనే ఉండాలా అన్నది నాకు తేలలేదు. రూలు ప్రకారం ఉండిపోయాను. మెయిన్ ఆపాల్సి వస్తే ఆపడానికి నేను ఉండాలి కూడా. కానీ ఆ నిమిషాల్లో నేను పడిన భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు. హాలు ఖాళీ అయి, మంట ఆర్పాక చూస్తే చనిపోయినవాళ్ళు లేరు. కాళ్ళ కింద పడి నలిగినవాళ్ళు కొందరు ఉన్నారు. వీర్రాజు రెండు అరచేతులూ కాలిపోయాయి.

కాకినాడ ఆస్పత్రికి వెళ్ళాను. చేతులకు మోచేతుల దాకా కట్లు. నన్ను చూడగానే అతను అడిగిన మొదటి మాట ఇది.

"బెల్ మోగలేదాండి? నాలుగుసార్లు నొక్కానండి."

తీగ విప్పేశానని చెప్పాను. అతను కోప్పడితే బాగుండేది. "ఓహో, అదాండి" అని కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌గారు ఆస్పత్రిలోనే అతని వాంగ్మూలం తీసుకున్నారు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బెల్ నొక్కావా అని అడిగారు. వీర్రాజు నా వైపు చూడకుండానే, "లేదండి. కంగారులో మర్చిపోయానండి" అన్నాడు. వాంగ్మూలం రాయడం పూర్తయింది. సంతకం పెట్టడానికీ, వేలిముద్ర వెయ్యడానికీ అతని చేతులు పనికిరావు. అలాంటప్పుడు చదివి వినిపించి, పక్కనున్నవారి చేత సాక్షి సంతకం చేయించుకుంటారు. పక్కనున్నది నేను. పెన్ను నా చేతికిచ్చారు. పెట్టేశాను.

బయటికి వచ్చేముందు అతన్ని అడిగాను, ఎందుకలా చెప్పావని. "మీ సర్టిఫికెట్ పోతే మళ్ళీ రాదంటారు కదండి. నాదేముందండి, గేటేగా" అన్నాడు. ఇది త్యాగమని అతను అనుకోలేదు. లెక్క చూసుకుని చెప్పినట్టు చెప్పాడు. మూడు రోజులు ఆ లెక్క నాకూ సబబుగానే అనిపించింది. సిగ్గుపడుతూనే సబబనుకున్నాను.

నాలుగో రోజు యజమానిగారు పిలిచి, కొత్త గేట్‌మెన్‌ని చూడమన్నారు. "పాపం మంచివాడే సత్యనారాయణా, చేతులు నయమయ్యేదాకా చూసుకుందాం. కానీ ప్రమాదం వస్తే బెల్ నొక్కడం కూడా మర్చిపోయేవాణ్ణి మళ్ళీ తలుపు దగ్గర ఎలా పెట్టమంటావు?" అన్నారు. ఆయన అన్నదాంట్లో వంక పెట్టడానికి లేదు. ఆ మాటకు ఆధారం నా సంతకమే.

ఆ మధ్యాహ్నం బూత్‌లోకి వెళ్ళి, ఆగిపోయిన రీలు బయటికి తీశాను. ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది. వీర్రాజు మొదటిసారి బెల్ నొక్కింది హీరో లారీ దిగినప్పుడని ఆస్పత్రిలో చెప్పాడు. ఆ ఫ్రేము దగ్గర నుంచి నేను షో ఆపిన ఫ్రేము దాకా టేబుల్ మీద పెట్టి కొలిచాను. రెండు వందల డెబ్భై అడుగులు. అంటే మూడు నిమిషాలు. అతను చేతులతో నిప్పు లాగింది ఆ మూడు నిమిషాల్లోనే.

కాకినాడ వెళ్ళి ఇన్‌స్పెక్టర్‌గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. గురువారం బెల్ తీగ విప్పింది నేనని, ఎవరికీ చెప్పలేదని, వీర్రాజు నాలుగుసార్లు నొక్కాడని, అది తెలిసి కూడా అతని వాంగ్మూలం కింద సాక్షి సంతకం చేశానని రాశాను. కొలత కూడా రాశాను. ఆయన రెండుసార్లు చదివారు. "ఈ సాక్షి సంతకం విషయం మిగతావాటికన్నా పెద్దదని తెలుసాండి మీకు?" అని అడిగారు. తెలుసన్నాను. సర్టిఫికెట్ ఆరు నెలలు సస్పెండ్ అయింది. పూర్తిగా రద్దు చేయాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

గోడలు మార్చి, తలుపుల మీది తెరలు తీసేసి, హారతి మాన్పించి, బెల్ తీగ వేరే పైపులో వేశాక హాలు మళ్ళీ తెరిచారు. అద్దం ఉంది గానీ, కొత్తగా పెట్టిన మైకు హాలు చప్పుడును బూత్‌లోకి తెస్తుంది. ప్రొజెక్టర్ ముట్టుకునే హక్కు లేని నాకు యజమానిగారు ఒకటే పని ఇచ్చారు. వీర్రాజు వచ్చేదాకా అతని గేటు. మొదటి రోజు టికెట్లు చించుతుంటే ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి నవ్వారు. నవ్వనిచ్చాను.

ఇరవై ఒక్క ఏళ్ళలో నేను మా హాల్లో జనం మధ్య నిలబడి ఒక్క సినిమా కూడా పూర్తిగా వినలేదని అక్కడ తెలిసింది. సౌండు చాలా గొప్పగా ఉంది. వెనక వరసలవాళ్ళకి మాటలు మొదటిసారి స్పష్టంగా వినపడుతున్నాయి. పాటల్లో తబలా ఎక్కడుందో తెలుస్తోంది. ఫైటు వచ్చినప్పుడు మాత్రం పక్కన నిలబడ్డ మనిషి చెవిలో అరిచినా వినపడదు. తలుపు దగ్గర నిలబడ్డవాడు ఆ హాల్లో ఒంటరివాడు.

ఆరు నెలల తర్వాత వీర్రాజు, నేను ఒకే వారంలో ఎవరి పనిలో వాళ్ళం చేరాం. అతని కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడవలేదు. టికెట్ చివర పళ్ళతో పట్టుకుని ఎడమ చేత్తో చించేవాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యే వరకూ కొత్త మిషన్ ఏది వచ్చినా, మొదటి షోకి ముందు ఫుల్ సౌండు పెట్టించి వీర్రాజు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి. అక్కడినుంచి పిలిస్తే బూత్‌లో ఉన్నవాడు పలికితేనే షో వెయ్యమనేవాణ్ణి. కొత్త సౌండు వల్ల ఏం వినపడుతుందో చెప్పడానికి ఇంజనీరు ఉంటాడు. ఎవరి మాట వినపడకుండా పోతుందో చూసుకోవాల్సింది ఆపరేటరు. ఆ వారం నేను చూసుకోలేదు.