రూమ్‌కొచ్చిన దీక్ రూమీ

ఒమన్‌లో నా అంత వేటగాడు లేడు. ఈ మాట నేను అనడం లేదు, మా బావ తప్ప అందరూ అంటారు. ఆ అందరినీ ఒకచోట చేర్చి మీ ముందు చెప్పించడానికి ఇంకా వీలు పడలేదు, అంతే.

వారమంతా అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో ఫైళ్లు మోస్తాను. శుక్రవారం తెల్లారగానే బర్కాకు వేటకు బయలుదేరతాను. అక్కడ ఒక మజ్రాలో, అంటే ఖర్జూరం తోటలో, మా అక్క మొగుడు పనిచేస్తాడు, తోటలోనే పనివాళ్ల రూమ్‌లో ఉంటాడు. తోట యజమానిని మేమందరం అర్బాబ్ అంటాం. ఆయనకు జంతువుల పిచ్చి. కంచె లోపల రెండు జింకలు, కంచె బయట టర్కీ కోళ్ల మంద.

జింకను వేటాడితే ఈ దేశంలో నేరుగా జైలుకే. తుపాకీ ఊసు ఎత్తకూడదు. అందుకని నా జింకల వేట కళ్లతోనే సాగుతుంది. కంచెకు ఇవతల నేను, అవతల అది. ముందు రెప్ప వేసినవాళ్లు ఓడినట్టు. ఇప్పటిదాకా నేను ఓడింది లేదు. ఒకసారి మాత్రం, నేను మొదటి జింకను గెలుస్తూ ఉండగా, రెండోది కంచెకు ఆనించిన నా సంచిలోంచి చపాతీలన్నీ మేసింది. దాన్ని ఓటమి కింద లెక్కేయకూడదు.

ఇక టర్కీ కోళ్లలో ఒక పుంజు ఉండేది. నా నడుము దాకా ఉండేదని మొదట్లో చెప్పేవాణ్ణి. ఇప్పుడు నిదానంగా తలచుకుంటే భుజం దాకా ఉండేదనిపిస్తోంది. గూడు తప్పించుకుని తోటంతా తిరిగేది. టమాటా మడుల్లో భోజనం, చెట్టు కొమ్మ మీద పడక. దాని వెంట పరిగెత్తి మా బావ చెప్పులు అరిగిపోయాయి, పుంజు గోరు కూడా అరగలేదు.

బావకు అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. ఊళ్లో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. రెండేళ్లుగా చుట్టీ, అంటే ఊరెళ్లే సెలవు, లేదు. అడిగినప్పుడల్లా అర్బాబ్ "చూద్దాం" అంటాడే గాని ఔననడు. ఆ శుక్రవారం ఎట్లాగైనా తేల్చుకోవాలని బావ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

అర్బాబ్ కారు గేటు దగ్గర ఆగింది. ఆయన దిగలేదు. అద్దం దించి, గోడ మీద నిలబడ్డ పుంజును చూపించి, "షూఫ్! హాదా దీక్ రూమీ! జల్దీ, జల్దీ!" అని కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. బావ నోరు తెరిచేసరికి దుమ్మే మిగిలింది.

"ఏమన్నడు బామ్మర్దీ?"

ఆఫీసులో అరబ్బీ ఫైళ్లు మోసినవాణ్ణి. చదవకపోయినా భుజాల గుండా కొంత ఎక్కుతుంది కదా!

"షూఫ్ అంటే చూడు. హాదా అంటే ఇది. దీక్ అంటే కోడిపుంజు."

"మరి రూమీ?"

"గది గూడ చెప్పాల్నా బావా? రూమీ అంటే రూమ్‌ది! ఈ పుంజు మీ రూమ్‌ది, జల్దీ కోసుకొని తినుండ్రి అన్నడు."

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. "నిజమే గావచ్చు. పోయిన నెల ముసలి మేకను గూడ రూమ్‌కే ఇచ్చిండు."

"మనసు మెత్తగైంది. మల్ల రాంగనే చుట్టీ అడుగు."

వేట మొదలైంది. టర్కీ పుంజుకు రెండు బలహీనతలు. ఎవరు చప్పుడు చేసినా జవాబు చెప్పకుండా ఉండలేదు. నేను తుమ్మాను. బెండ మడి వెనక నుంచి "గుళగుళగుళ" అంది. చోటు తెలిసిపోయింది. రెండోది, తనలాంటి అందగాడు ఇంకొకడు ఉంటే ఓర్వలేదు. రూమ్‌లోంచి బావ గడ్డం గీసుకునే అద్దం తెచ్చి బెండ మడి గట్టున నిలబెట్టాను. ఖర్జూరం గెలలకు తొడిగే వల పట్టుకుని, మడి పక్కనే ఉన్న జింకల కంచె వార బోర్లా పడుకున్నాను. ఒక యుగం గడిచింది. చీమలు నా వీపు మీదుగా రోడ్డు వేసుకున్నాయి. కంచె సందులోంచి ఒక జింక నా చొక్కా కొస నమలసాగింది. నేను కదల్లేదు.

పుంజు వచ్చింది. అద్దంలో ఆ రెండో అందగాణ్ణి చూసింది. మెడ కింది తోలు ఎర్రబడింది, తోక విసనకర్రలా విచ్చుకుంది. రెక్కలు నేలకు రాస్తూ అద్దం ముందు ఊరేగడం మొదలుపెట్టింది. అవతలివాడు కూడా అంతే దర్జాగా ఊరేగాడు. ఆ మైమరపులో వల విసిరాను. భూమి దద్దరిల్లింది. బర్కా తీరంలో పడవలు భయపడి ఒడ్డుకు తిరిగొచ్చాయని తర్వాత విన్నాను.

పక్కనే అర్బాబ్‌ది ఇంకో తోటలో పనిచేసే బంగ్లాదేశ్ భాయి బిస్మిల్లా చెప్పి కోశాడు. ముగ్గురం కలిసి తింటాం కాబట్టి కోత ఎప్పుడూ ఆయనదే, వంట ఎప్పుడూ నాదే. టర్కీ కూర కోడికూర లాంటిది కాదు, తొందరపడితే చెప్పు తోలు, ఓపిక పడితే వెన్న. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి దట్టించి, కాల్చిన ఎండు కొబ్బరీ నువ్వులూ నూరిపోసి, చివర్లో ఇక్కడి నల్ల ఎండు నిమ్మకాయ ఒకటి చితక్కొట్టి వేశాను. కారం సంగతి సొంత ఊరి గౌరవానికి సంబంధించింది, తగ్గించలేదు. వాసనకు జింకలు కూడా మెడలు చాపాయి. గడ్డి తినే జాతి!

పొయ్యి మీంచి కూర గంజు దించుతుండగా అర్బాబ్ వచ్చాడు, వెంట ఒక ముసలి అతిథితో.

"వేన్ దీక్ రూమీ?"

ఎక్కడ అని అడుగుతున్నాడు. బావ మెరిసే ముఖంతో చేయి చూపించాడు. "రూమీ... రూమ్‌ల ఉన్నది అర్బాబ్!"

అర్బాబ్ రూమ్‌లోకి వచ్చి చుట్టూ చూశాడు. గంజు మూత తీశాడు. మూత అట్లాగే చేతిలో ఉండిపోయింది.

భాయి నా చెవిలో గొణిగాడు: "అరే భాయ్, టర్కీ కో హీ దీక్ రూమీ బోల్తే హై! మెహమాన్ కో జిందా దేనా థా!"

దాని పేరే అదట. దాన్ని ప్రాణంతో పట్టి అతిథికి కానుకగా ఇవ్వాలట. బావ ముఖంలో నెత్తురు లేదు. చుట్టీ, కాన్పు, మనవరాలో మనవడో, అన్నీ ఆ గంజులో ఉడికిపోయినట్టు చూస్తున్నాడు.

అప్పుడు ఆ ముసలాయన గాలి పీల్చాడు. ఎవరు కోశారని అడిగాడు. భాయి చెయ్యెత్తాడు. ముసలాయన కింద కూర్చుని రొట్టె తుంచి ముంచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది, ఆ పుంజు మెడలాగే. మళ్లీ ముంచాడు. అర్బాబ్ కూడా కూర్చున్నాడు. కాసేపటికి ఎముక చేత్తో పట్టుకుని, ఎవరు చేశారిది అన్నట్టు మా వైపు ఊపాడు.

అది తిట్టడానికో మెచ్చడానికో తెలియదు. బావ నన్ను కాపాడదామని ముందుకొచ్చాడు. "తప్పు నాది అర్బాబ్..."

నా కూర ఇంకొకడి ఖాతాలోకి పోవడమా! గుండె మీద చేయి వేసుకుని అడ్డం వచ్చాను. "అనా! పట్టింది అనా, వండింది అనా!" అనా అంటే నేను. ఆ అరబ్బీ ముక్క మాత్రం నాకు తప్పు పోదు.

అర్బాబ్ నవ్వాడు. అదను చూసి బావ, "అర్బాబ్... చుట్టీ?" అన్నాడు. అర్బాబ్ ఆ ఎముకతోనే లెక్క తేల్చాడు. బావ వైపు చూపించి, పో. భాయి వైపు చూపించి, శుక్రవారం తప్ప మిగతా రోజులు ఈ తోట కూడా నువ్వు చూడు. నా వైపు చూపించి, శుక్రవారాలు నువ్వు. కోళ్లు గూట్లో పెట్టు, అతిథులకు వండు.

వాళ్లు వెళ్లాక బావ పడీపడీ నవ్వాడు. "ఆ పుంజును పట్టనీకి అద్దమన్న వెట్టాల్సొచ్చింది బామ్మర్దీ. నీకు అద్దం గూడ అక్కర్లేకపాయె, నీ అంతట నువ్వే వలల వడ్డవ్."

బావ ఊరెళ్లాడు. మనవరాలు పుట్టిందని ఫోటో పంపాడు, పెద్ద నోరు, అచ్చం నా పోలిక. నేనిప్పుడు ప్రతి శుక్రవారం ఆ రూమ్‌లో, ఆ అద్దం ముందే గడ్డం గీసుకుంటున్నాను. ఎంత చూసినా తనివి తీరదు. ఆ పుంజును తప్పుపట్టలేం.