పెదపాడు దగ్గర నలభైమంది వేదసాక్షులు, ఒక వేడినీళ్ల కాగు

తాడేపల్లిగూడెంలో ఉండే నేను ఏలూరు దాటి వెళ్లడం తక్కువ. ఈ మార్చిలో వెళ్లానంటే మా మావయ్య ఫోనే కారణం. పెదపాడు దగ్గర వాళ్ల ఊళ్లో ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఏటా నలభైమంది వేదసాక్షుల నాటకం వేస్తారు. రోమా చక్రవర్తుల కాలంలో క్రీస్తును వదలమంటే వదలని నలభైమంది సైనికులను గడ్డకట్టిన చెరువులో నిలబెట్టారట. విశ్వాసం వదులుకున్నవాడు వచ్చి వెచ్చబడొచ్చని ఒడ్డున వేడినీళ్లు పెట్టారట. ఒకే ఒక్కడు పారిపోయాడు. మిగతావాళ్లంతా విశ్వాసం కోసం ఆ చలిలోనే ప్రాణాలు విడిచి వేదసాక్షులయ్యారు. ఆ ఒక్కడి వేషం మా తాతయ్య నుంచి మావయ్యకు వచ్చింది. అన్నదమ్ములు పొలం పంచుకున్నారు గాని ఆ వేషంలో వాటా అడిగినవాడు లేడు.

"ఈ ఏడైనా నన్ను చావనిమ్మని ఫాదర్‌గారితో నువ్వు చెప్పాలిరా," అన్నాడు మావయ్య.

మధ్యాహ్నం రైలెక్కితే గంటకల్లా ఏలూరు. అక్కణ్ణుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. ఊరు దాటాక రెండువైపులా వరి, తర్వాత చేపల చెరువులు. "నాటకానికాండీ? పారిపోయే ఆయన భలే చేస్తారండి. పుట్టుకతో వచ్చినట్టుంటదండి," అన్నాడు డ్రైవరు. ఆయన మా మావయ్యేనన్నాను. వెంటనే అద్దం పక్కకు తిప్పేసి, రోడ్డు ఖాళీగా ఉన్నా హారన్ కొట్టాడు.

ఇంట్లో అత్తయ్య మండిపోతోంది. మనవరాలిని బళ్లో 'పారిపోయినాయన మనవరాలు' అంటున్నారట. "ఈసారైనా చచ్చిపోండి. నలుగురిలో తలెత్తుకుంటాను," అంది మావయ్యతో.

నేను వెళ్లి ఫాదర్‌గారిని అడిగాను. "ఆ వేషానికి ఇంకెవరూ ఒప్పుకోరండీ. పోనీ మీరు వేస్తారా?" అన్నారాయన. కాఫీ బాగుందని చెప్పి లేచి వచ్చేశాను.

నలభైమందికి బదులు ఆ ఊళ్లో దొరికేది పన్నెండుమందే. నిరుడు వాళ్లలో ఒకాయన గడ్డకట్టిన చెరువులో నిలబడి చెమట తుడుచుకుంటే జనం పగలబడి నవ్వారట. అందుకని ఫాదర్‌గారు ఈసారి చేపల పెట్టెల్లో వేసే ఐసు వ్యాను నిండా తెప్పించి, చేపపిల్లలు పెంచే చిన్న చెరువులో పోయించారు.

చీకటి పడుతుండగా సైనికులు పంచెలు బిగించి, చావుకు భయపడమని ఒక్క గొంతుతో చెప్పి, మోకాలిలోతు నీళ్లలోకి దిగారు. మొదట ఒకాయన ఒడ్డునున్న వేడినీళ్ల కాగు వైపు చూశాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు గట్టెక్కేశారు. "నాయనలారా, మీరు కాదు, మీరు కాదు," అని ఫాదర్‌గారు మైకులో మొత్తుకుంటున్నా, వేదసాక్షులు కాగు చుట్టూ చేరి చెంబు కోసం కొట్లాడుకున్నారు.

నీళ్లలో మావయ్య ఒక్కడే మిగిలాడు. పళ్లు టకటకలాడుతున్నాయి గాని ముఖం వెలిగిపోతోంది. మనవరాలు పక్కపిల్లను గిల్లి మరీ చూపిస్తోంది. అత్తయ్య తువ్వాలు పట్టుకుని గట్టు దాకా పరుగెత్తింది.

"ఇంక చాల్లెండి. జ్వరమొస్తది, పైకి రండి."

"ఉండవే. ఇంకా చావలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

తిరుగు దారిలో ఆ పాతకాలపు సైనికులే గుర్తొచ్చారు. మా వాళ్లకు వ్యానెడు ఐసు, నాలుగు నిమిషాల నాటకం. వాళ్లకు నిజం చలి, నిజం చావు, కళ్లెదుటే వేడినీళ్లు. అయినా ఉండిపోయారు. చిన్నప్పటి నుంచి వింటున్న ఆ కథను నేను నమ్మింది మాత్రం మావయ్య కాళ్లు నీలబడటం చూశాకే.

వచ్చే తపస్సుకాలంలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చెరువుకూ కాగుకూ మధ్య కూర్చోకండి. అక్కడైతే బాగా కనబడుతుందని నేను కూర్చున్నాను. ముగ్గురు వేదసాక్షులు నన్ను తొక్కుకుంటూ పోయారు.